బ్యాంకాక్‌లో బస: మధ్యాహ్నం ఒంటిగంట లెక్క

మొదటిసారి బ్యాంకాక్‌లో హోటల్ వెతికి బుక్ చేసింది నేనే, కాబట్టి తిట్లు కూడా నాకే పడ్డాయి. పడాల్సినవే. మ్యాపు తెరిచి, చూడాలనుకున్న వాటన్నిటికీ చుక్కలు పెట్టి, ఆ చుక్కల నడుమ గది ఎక్కడ చవగ్గా దొరికితే అక్కడ తీసుకున్నాను. రాజభవనం, వాట్ ఫో (వాట్ అంటే గుడి), నది దాటితే వాట్ అరుణ్, అటు ఖావోసాన్ రోడ్డు. అన్నీ రెండు కిలోమీటర్ల లోపే. అది పాత ఊరు, రత్తనకోసిన్. 1782లో మొదటి రామా రాజు రాజధాని పెట్టిన చోటు. ఇంతకంటే తెలివిగా ఎవరు ఎంచుకుంటారులే అని మురిసిపోయాను కూడా.

పెద్దవాళ్ళిద్దరమే వెళ్ళుంటే అది తెలివైన పనే. మాతో ఏడేళ్ళ కూతురు, నాలుగు నిండని కొడుకు ఉన్నారు.

మొదటి రోజు పొద్దున అంతా బాగానే జరిగింది. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి చూసి మావాడు "ఆయన ఎప్పుడు లేస్తాడు?" అని అడిగాడు. విగ్రహం వెనక గోడ వెంబడి 108 కంచు పాత్రలు వరసగా ఉంటాయి. చిల్లర నాణేలు కొనుక్కుని ఒక్కోదాంట్లో ఒక్కోటి వేసుకుంటూ వెళ్ళాలి. టంగ్, టంగ్ మని ఆ హాలంతా అదే చప్పుడు. పిల్లలకి అంతకుమించిన గుడి ఉండదు. మా ఇద్దరూ రెండు విడతలు వేశారు.

పన్నెండున్నరకి బయటికొచ్చాం. రాళ్ళు పరిచిన ఆవరణ నిప్పుల కుంపటిలా ఉంది. పదడుగులు వేశామో లేదో, చిన్నోడు వాళ్ళ నాన్న భుజం మీద నిద్రపోయాడు. నిద్రపోయిన పిల్లాడు మెలకువగా ఉన్నప్పటికంటే రెట్టింపు బరువుంటాడని తల్లిదండ్రులకి వేరే చెప్పక్కర్లేదు. హోటల్ కిలోమీటరున్నర దూరం. రాజభవనం చుట్టుపక్కల ఆగి ఉన్న టాక్సీలు మీటరు వెయ్యవు. 35 బాత్‌లతో మొదలవ్వాల్సిన మీటరు బదులు రెండొందలంటారు, మూడొందలంటారు, ఇంత దగ్గరికి రామంటారు. టుక్‌టుక్ అతను మాత్రం వస్తానన్నాడు, అయితే మధ్యలో ఒక నగల దుకాణం చూసి వెళ్దామన్నాడు. చివరికి నడిచాం. పెద్దది దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. అది మాట్లాడకుండా ఉండటం అంతకుముందు ఎప్పుడూ చూళ్ళేదు.

మర్నాడు ఇంకో పాఠం. మాల్స్ ఉండే సయాం వైపు వెళ్ళి మూడున్నరకి తిరుగు టాక్సీ కోసం నిలబడ్డాం. ఎరుపు దీపం వెలుగుతున్న టాక్సీలే, అంటే ఖాళీవే, ఒకదాని తర్వాత ఒకటి ఆగడం, మా హోటల్ పేరు విని తల అడ్డంగా ఊపడం. "సోంగ్ రోత్" అంటున్నారు. బండి అప్పజెప్పాలి అని. అక్కడ చాలామంది డ్రైవర్లు టాక్సీని పూటకింతని అద్దెకి తీసుకుంటారు. మధ్యాహ్నం మూడు, నాలుగు ప్రాంతంలో పూట మారుతుంది. గ్యారేజీ ఏ దిక్కున ఉంటే ఆ దిక్కుకే బేరం. వాళ్ళ తప్పేం లేదు. పాత ఊరి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆలస్యానికి జరిమానా కట్టుకోవాల్సింది వాళ్ళే.

ఆ సాయంత్రం గదిలో కూర్చుని ఒక లెక్క వేశాను. ఎండ వల్ల బ్యాంకాక్‌లో పిల్లల రోజు రెండు ముక్కలవుతుంది. పొద్దున ఒక తిరుగుడు, మధ్యాహ్నం గదిలో పడక లేదా పూల్, సాయంత్రం ఇంకో తిరుగుడు. అంటే రోజుకి రెండుసార్లు బయల్దేరి రెండుసార్లు తిరిగొస్తాం. ఆరు రోజులుంటే పన్నెండు రాకలు. రాజభవనం చూసేది ఒక్కసారి. ఒక్కసారి చూసేదాని పక్కన ఇల్లు పెట్టుకుని పన్నెండుసార్లు తిరిగి రావడానికి దారి వెతుక్కుంటున్నానన్నమాట.

అప్పట్నుంచీ నేను అడిగే ప్రశ్న ఒకటే. మధ్యాహ్నం ఒంటిగంట, ముప్ఫై ఆరు డిగ్రీల ఎండ, భుజం మీద నిద్రపోయిన పిల్లాడు, చేతిలో అలిగిన పిల్ల. ఈ హోటల్‌కి ఎలా వస్తాను? దీనికి జవాబు ఒక్క వాక్యంలో రాకపోతే ఆ హోటల్ వద్దు, పూల్ ఎంత బాగున్నా సరే.

వెనక్కి వచ్చే దారి ఎందుకింత కష్టమో తెలియాలంటే ఆ ఊరి సోయ్‌ల సంగతి తెలియాలి. సోయ్ అంటే పెద్ద రోడ్డు నుంచి లోపలికి చీలే వీధి. చాలా సోయ్‌లు అటువైపు ఎక్కడా కలవవు, లోపలికి వెళ్ళి వెళ్ళి గోడకి ఆగిపోతాయి. పక్క సోయ్‌లో ఉన్న హోటల్‌కి వెళ్ళాలన్నా మొదటికొచ్చి పెద్ద రోడ్డు మీదుగా చుట్టి రావాలి. "స్టేషన్‌కి 400 మీటర్లు" అని బుకింగ్ పేజీలో రాసేది చాలాసార్లు గీత గీసి కొలిచిన దూరం. కాకికైతే అది నిజమే. మనకి తొమ్మిదొందల మీటర్లు పడొచ్చు. సుఖుమ్‌విత్ అనే పొడవాటి పెద్ద రోడ్డులో ఇంకో తమాషా ఉంది. బేసి నంబర్ల సోయ్‌లన్నీ ఉత్తరం వైపు, సరి నంబర్లు దక్షిణం వైపు. రెండు వైపులా నంబర్లు ఒకే వేగంతో పెరగవు. థోంగ్‌లో అనే స్టేషన్ దగ్గర సోయ్ 55కి ఎదురుగా ఉండేది సోయ్ 38. నంబరు చూసి పక్కపక్కనే అనుకున్నామా, పని అయిపోయినట్టే.

అందుకే నేనిప్పుడు వీధి ఫొటోలు తెరిచి స్టేషన్ మెట్ల నుంచి హోటల్ గుమ్మం దాకా మౌస్‌తో నడుస్తాను. పుట్‌పాత్ ఉందా, ఉంటే దాని మధ్యలో కరెంటు స్తంభం ఉందా, సోయ్ మొదట్లో నారింజ రంగు చొక్కాల మోటార్‌సైకిల్ టాక్సీవాళ్ళున్నారా అని చూస్తాను. వాళ్ళున్నారంటే ఆ సోయ్ నడవలేనంత పొడుగని అర్థం. ఊరివాళ్ళే నడవని దూరం అది. ముగ్గురు నలుగురు దర్జాగా ఒకే బండి మీద పోతుంటారు కానీ, హెల్మెట్ లేకుండా నా పిల్లల్ని ఎక్కించే ధైర్యం నాకు లేదు.

మెట్ల మాట వచ్చింది కాబట్టి లిఫ్టుల గురించి. స్ట్రోలర్‌తో వెళ్ళేవాళ్ళు ఈ పేరా దాటేయొద్దు. స్కైట్రెయిన్, అంటే స్తంభాల మీద ఎత్తులో నడిచే రైలు, 1999లో మొదలైంది. అప్పుడున్న 23 స్టేషన్లలో లిఫ్టులు పెట్టింది ఐదింటికే. వికలాంగుల హక్కుల కోసం పోరాడేవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే, 2015 జనవరిలో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం అన్ని స్టేషన్లకీ లిఫ్టులు పెట్టి తీరాలని నగరపాలక సంస్థని ఆదేశించింది. ఇవాళ నా స్ట్రోలర్ ఆ ప్లాట్‌ఫారం ఎక్కుతోందంటే వాళ్ళ పుణ్యమే. అయినా లిఫ్టు రోడ్డుకి ఒక వైపే ఉండొచ్చు, మీ హోటల్ రెండో వైపు ఉండొచ్చు. భూగర్భ మెట్రో ఈ విషయంలో నయం. 2004లో వచ్చింది కాబట్టి మొదట్నుంచే లిఫ్టులున్నాయి.

సరే, మరి ఎక్కడ దిగాలి?

రెండోసారి మేం దిగింది ఫ్రోమ్ ఫోంగ్ స్టేషన్ దగ్గర. సుఖుమ్‌విత్‌లోనే, నానా, అసోక్ దాటాక. దీన్ని ఎంచుకోవడానికి నేను వాడిన కిటుకు చెబుతాను, ఏ పెద్ద ఊరికైనా పనికొస్తుంది. ఆ ఊళ్ళో పిల్లలున్న కుటుంబాలు అసలు ఎక్కడ కాపురం ఉంటున్నాయో చూడాలి. ఫ్రోమ్ ఫోంగ్ చుట్టూ ఉన్న సోయ్‌లలో ఉద్యోగాల మీద వచ్చిన జపాను కుటుంబాలు ఎప్పట్నుంచో ఉంటున్నాయి. వాళ్ళకోసం సూపర్‌మార్కెట్లు వచ్చాయి, పిల్లల కుర్చీలున్న రెస్టారెంట్లు వచ్చాయి, డైపర్లు, పిల్లల మందులు వచ్చాయి. స్టేషన్ పక్కనే బెంజసిరి పార్కు, అందులో పిల్లలు ఆడుకునే చోటు. సాయంత్రం ఐదున్నరకి ఊళ్ళో పిల్లలంతా అక్కడే ఉంటారు. మా అమ్మాయి మాట తెలియని ఇంకో అమ్మాయితో గంటసేపు జారుడుబండ ఆడింది. ఆ గంటసేపు మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఆరు రోజుల యాత్రలో నా అసలు సెలవు ఆ గంటే అనిపించింది.

సుఖుమ్‌విత్ అన్నంత మాత్రాన అంతా ఒకటి కాదు. రెండు స్టేషన్ల ముందు నానా ఉంది. సోయ్ 4 అంతా బార్లు. అసోక్‌లో స్కైట్రెయిన్, మెట్రో రెండూ కలుస్తాయి కాబట్టి ప్రయాణానికి అంతకంటే మంచి కూడలి లేదు. కాకపోతే పక్కనే సోయ్ కౌబాయ్ ఉంది, చీకటి పడగానే నియాన్ దీపాలతో వెలిగిపోయే బార్ల సందు. పిల్లలకి ప్రమాదమేమీ లేదు, ఎవరూ వాళ్ళ జోలికి రారు. "అమ్మా, ఆ అక్కలంతా ఎందుకు నిలబడ్డారు?" అన్న ప్రశ్నకి రోజూ కొత్త జవాబు కల్పించే ఓపిక ఉంటే దిగండి.

సయాం, చిత్‌లోమ్ మధ్య ఎత్తులో వేసిన నడక వంతెన ఉంది. ట్రాఫిక్ పైనుంచి, ఎండ తగలకుండా, స్ట్రోలర్ తోసుకుంటూ ఒక మాల్ నుంచి ఇంకో మాల్‌కి వెళ్ళిపోవచ్చు. సయాం పారగాన్ అడుగున పెద్ద అక్వేరియం ఉంది. నా ఒంటిగంట పరీక్షలో ఈ ప్రాంతానికి నూటికి నూరు మార్కులు. గది అద్దెలు కూడా అలాగే ఉంటాయి.

ప్రతూనామ్ గురించి చెప్పేది తక్కువే. టోకు బట్టల బజారు, బయ్యోక్ టవరు, జనం, బండ్లు. పుట్‌పాత్ మీద పెద్దవాళ్ళే పక్కకి తిరిగి నడవాలి. బట్టలకోసమే వెళ్తే సరే.

నది ఒడ్డు మీద మాత్రం నాకు మమకారం ఉంది, అందుకే దాని మీద తీర్పు చెప్పడం కష్టం. చావో ఫ్రాయా ఒడ్డున పెద్ద హోటళ్ళు చాలావాటికి సొంత పడవలుంటాయి, సఫాన్ తాక్సిన్ స్టేషన్ కింద ఉన్న రేవు దాకా ఊరికే తిప్పుతాయి. పిల్లలకి ఆ పడవే ఒక పండగ. పూల్స్ పెద్దవి, చెట్లుంటాయి, గాలి ఉంటుంది. చిక్కల్లా ఎక్కడికెళ్ళినా ఒక మజిలీ ఎక్కువ. పడవకోసం ఎదురుచూపు, పడవ, మెట్లు, రైలు. వచ్చేటప్పుడు అదే తిరగేసి. రోజుకి ఒక్కసారే బయటికెళ్ళి మిగతా పూటంతా పూల్‌లో గడిపే కుటుంబమైతే నది ఒడ్డే దిగమంటాను. మాలాగా కాలు నిలవని వాళ్ళకి కుదరదు.

ఇంకొంచెం నెమ్మదైన చోటు కావాలంటే ఆరీ. సయాం నుంచి ఉత్తరంగా ఐదో స్టేషన్. చెట్లున్న సోయ్‌లు, పొద్దున్నే ఇడ్లీ బండిలాగా అక్కడ గంజి బండి, ఆఫీసులకెళ్ళే జనం. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయితే, పూల్ లేకపోయినా పేచీ పెట్టని వయసు వస్తే, నేను మళ్ళీ దిగేది అక్కడే.

సొంత ఇంటిలా ఉంటుంది, వాషింగ్ మెషీన్ ఉంటుందని కాండో ఫ్లాట్ రోజువారీ అద్దెకి తీసుకునేవాళ్ళు చాలామంది. పిల్లలతో వాషింగ్ మెషీన్ విలువ ఏమిటో నాకు తెలుసు, ఆ ఆశ నాకూ కలిగింది. థాయిలాండ్‌లో 2004 నాటి హోటళ్ళ చట్టం ప్రకారం నెలకంటే తక్కువ రోజులకి గదులు అద్దెకివ్వడం హోటల్ వ్యాపారం కిందికి వస్తుంది, దానికి లైసెన్సు కావాలి. మామూలు కాండో ఫ్లాట్లకి అది ఉండదు. రోజువారీ అద్దెలు నిషేధం అని చాలా భవనాల లాబీల్లోనే బోర్డు పెట్టి ఉంటుంది. మాకు తెలిసిన ఒక కుటుంబం అలాంటి ఫ్లాట్‌లో దిగితే, కాపలా అతను అడిగితే స్నేహితులమని చెప్పండని యజమాని ముందే నేర్పించాడట. కాపలా అతను అడిగింది వాళ్ళ ఎనిమిదేళ్ళ పిల్లాణ్ణి. వాడు ఉన్నమాట చెప్పేశాడు. పిల్లలతో అబద్ధం మీద కాపురం పెట్టకూడదు, అంతే. బట్టలుతుక్కునే వీలు, చిన్న వంటగది కావాలంటే లైసెన్సున్న సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు సుఖుమ్‌విత్‌లో కోకొల్లలు. మేం రెండోసారి తీసుకున్నది అదే.

గదిలో చూడాల్సినవి పెద్దగా లేవు. పూల్ మీద మధ్యాహ్నం నీడ పడుతుందా అన్నది ఒకటి. డాబా మీద పూల్ ఫొటోలో అద్భుతంగా ఉంటుంది, రెండు గంటలకి అందులో దిగితే పిల్లలు వేగిపోతారు. పక్కన ఎత్తయిన భవనం ఉండి వెలుతురు అడ్డుకుంటుంటే బుకింగ్ సైట్‌లో జనం అదొక లోపంగా రాస్తారు. నాకదే కావాలి.

ఇంకొకటి, ఇది డబ్బుతో కూడిన సలహా కాబట్టి తిట్టుకోవద్దు. సువర్ణభూమి విమానాశ్రయంలో తెల్లవారుజామున దిగే విమానం ఎక్కితే, ముందురోజు రాత్రికి కూడా గది తీసుకోండి. చెక్-ఇన్ రెండుగంటలకో మూడింటికో. నిద్రలేని పిల్లల్ని పెట్టుకుని ఎనిమిది గంటలు లాబీలో సోఫాల మీద గడపడం మొదటిసారి చేశాం. చిన్నోడు అక్కడి పూలకుండీలో రాళ్ళన్నీ తీసి వరసగా పేర్చాడు, రిసెప్షన్ అమ్మాయి నవ్వుతూనే ఉంది కానీ ఆ నవ్వు గంటగంటకీ సన్నబడింది. రెండోసారి ఒక రాత్రి అద్దె ఎక్కువ కట్టి, ఆరింటికల్లా గదిలో పడి పదకొండుదాకా నిద్రపోయాం. దండగ అన్న మా ఆయన ఇప్పుడు అందరికీ ఇదే సలహా ఇస్తున్నారు, తన ఆలోచనే అన్నట్టు.

కాలం కూడా చూసుకోవాలి. సెప్టెంబరు, అక్టోబరులో సాయంత్రం వాన గంటసేపు కుమ్మరించి పోతుంది. ఊరు సముద్రమట్టానికి మీటరు, మీటరున్నర ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నీళ్ళు వెంటనే పోవు. లోపలి సోయ్‌లో ఉంటే మోకాలి లోతు నీళ్ళలో పిల్లల్ని ఎత్తుకుని నడవాలి. స్టేషన్ నుంచి కప్పున్న దారి ఉందా అన్నది అప్పుడు తెలుస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా దుమ్ము, పొగ ఎక్కువ, ఉబ్బసం ఉన్న పిల్లలకి మంచిది కాదు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, వాళ్ళ కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ. సీలోమ్‌లోనో ఖావోసాన్‌లోనో దిగితే గుమ్మం దాటిన ప్రతిసారీ నీళ్ళతో తడిపేస్తారు. ఏడేళ్ళ పిల్లకి అది స్వర్గం. మూడేళ్ళవాడు ఒక బకెట్ నెత్తిన పడ్డాక ఇంక గది దాటడు.

నా మాటకి ఎదురు వాదన ఏమిటో నాకు తెలుసు, మా తమ్ముడే అంటాడు. "అక్కా, మాల్స్ మధ్యలో దిగి బ్యాంకాక్ చూశామంటే ఎట్లా? అసలు ఊరు పాత ఊళ్ళోనే ఉంది." వాడికి పిల్లల్లేరు. అయినా వాడు చెప్పినదాంట్లో నిజం ఉంది. పొద్దున్నే గుడి గంటలు, సన్యాసులకి భిక్ష, రేవులో పూలు అమ్మేవాళ్ళు, అదంతా ఫ్రోమ్ ఫోంగ్‌లో ఆ స్థాయిలో దొరకదు. కానీ పాత ఊరు ఇప్పుడు దూరమేం కాదు. 2019లో భూగర్భ మెట్రోని నది కిందుగా పొడిగించాక వాట్ ఫోకి నడిచి వెళ్ళగలిగేంత దగ్గరలో సనామ్ చై స్టేషన్ వచ్చింది. అసోక్‌లో ఎక్కితే రైలు మారకుండా అక్కడ దిగొచ్చు, ఒంటిగంటకి అదే రైల్లో ఏసీలో నిద్రపోతున్న పిల్లాడితో వెనక్కి రావొచ్చు. అంటే పాత ఊరికి వెళ్ళి రావచ్చు, పాత ఊళ్ళో ఉండి మిగతా ఊరికి వెళ్ళి రావడం మాత్రం అంత సులువు కాదు. అదీగాక, అసలు ఊరంటే ఏమిటో మా పిల్లల లెక్క వేరేగా ఉంది. వాళ్ళకి రాజభవనం ఒక ఫొటో. లుంపినీ పార్కులో నీళ్ళలోంచి బయటికొచ్చి మా పక్కనుంచే తీరిగ్గా నడిచి వెళ్ళిన ఉడుము మాత్రం ఇప్పటికీ కథ. చెప్పినప్పుడల్లా ఒక అడుగు పొడుగు పెరుగుతోంది.

పక్కన పెద్దాసుపత్రి ఉందా అని కూడా నేను చూసుకుంటాను. సుఖుమ్‌విత్‌లో ఆ బెంగ లేదు, సోయ్ 3లో బుమ్‌రుంగ్రాద్, సోయ్ 49లో సమితివేజ్, రెండూ పేరున్నవే. రెండోసారి నాలుగోరాత్రి చిన్నోడికి జ్వరం వచ్చింది. థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నాను. తెల్లారేసరికి దానంతట అదే తగ్గింది, ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళాల్సొస్తే పదినిమిషాలు అని తెలిసుండటం వల్లే ఆ రాత్రి గడిచింది.

మర్నాడు వాణ్ణి గదిలోనే ఉంచి, పెద్దదాన్ని తీసుకుని నేను బెంజకిత్తి పార్కుకి వెళ్ళాను. పొగాకు ఫ్యాక్టరీ ఉన్న స్థలాన్ని చిత్తడి అడవిలా మార్చి 2022లో తెరిచారు, నీళ్ళ మీదుగా ఎత్తులో నడక దారి. తిరిగొచ్చేటప్పుడు ఎండ నడినెత్తికొచ్చింది. స్టేషన్ మెట్లు దిగగానే అలవాటుగా ఫోన్ తీసి మ్యాపు తెరవబోయాను.

"ఎందుకమ్మా? ఇటు రా," అని నా చెయ్యి పట్టుకుంది. "నారింజ చొక్కాల అంకుల్స్, తర్వాత కొబ్బరిబోండాల ఆంటీ, తర్వాత పిల్లి పడుకునే మెట్టు, దాని పక్కన మన సందు." పిల్లి ఆ పూట మెట్టు మీద లేదు. మా అమ్మాయి ఒక్క క్షణం ఆగి, అటూ ఇటూ చూసి, "నీడకి వెళ్ళుంటుంది," అని నన్ను లాక్కుపోయింది.